ఫాస్ఫేటు చేబదులు: పాఠం పేరు చెప్పని ఎంజైము

సంక్రాంతికి అక్కావాళ్ల ఊరు వెళ్లాను. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. మా బావకు అక్కడ రెండు గుంటలున్నాయి, వనామీ పెంచుతారు. మధ్యాహ్నం కట్ట మీద షెడ్డులో మంచం వాల్చుకుని పడుకున్నాను. పక్కన మా మేనకోడలు బాటనీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇంటర్ బైపీసీ, నీట్ టెన్షన్. ఏరియేటర్ల చప్పుడులో ఉన్నట్టుండి అడిగింది.

“మామా, ఈడ జీటీపీ వచ్చిందన్నారు. చివర లెక్కలోకి వచ్చేసరికి దాన్ని ఏటీపీ కింద కలిపేశారు. రెండూ ఒకటేనా? ఒకటే అయితే రెండు పేర్లెందుకు? కాకపోతే అట్టా ఎట్టా కలుపుతారు?”

లేచి కూర్చున్నాను. ఏటీపీ, జీటీపీ రెండూ కణంలో శక్తిని మోసే అణువులు. నేను డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్తాను. కణం తిండి నుంచి శక్తి పిండుకునే చర్యల చక్రం, అంటే క్రెబ్స్ వలయం దగ్గరికి వచ్చేసరికి అందరూ దాన్ని గబగబా బట్టీ పట్టేస్తారు తప్ప ఈ చోట ఆగేవాళ్లు తక్కువ. ఆ పిల్ల ఆగింది. పుస్తకంలో ఉన్నది ఇంతే: సక్సినైల్ కోఎంజైమ్-ఏ సక్సినిక్ ఆమ్లంగా మారేటప్పుడు ఒక జీటీపీ తయారవుతుంది, తర్వాత దానికి జోడుగా జరిగే చర్యలో ఆ జీటీపీ జీడీపీగా మారుతూ ఒక ఏడీపీని ఏటీపీ చేస్తుంది. ఆ జోడు చర్యను జరిపేది ఎవరో మాత్రం అక్కడ రాయలేదు. జరిపేది ఒక ఎంజైము. పేరు న్యూక్లియోసైడ్ డైఫాస్ఫేట్ కైనేజ్, పొట్టిగా ఎన్‌డీపీకే. (కైనేజ్ అంటే ఫాస్ఫేటును ఒక అణువు నుంచి ఇంకో అణువుకు మార్చే ఎంజైము.) ఆ రోజు ఆ పిల్లకు చెప్పింది, టైము చాలక చెప్పలేనిది, రెండూ ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్ల ముడి విప్పుకుందాం. ఈ అణువులన్నిటికీ కట్టుబడి ఒకటే. ఒక చక్కెర, దానికి ఒక పక్క ఒక క్షారం, ఇంకో పక్క వరసగా ఫాస్ఫేట్లు. పేరులో మొదటి అక్షరం ఆ క్షారం ఏదో చెబుతుంది. ఏ అంటే అడినిన్, జీ అంటే గ్వానిన్, సీ అంటే సైటోసిన్, యూ అంటే యురాసిల్, టీ అంటే థైమిన్. నడిమి అక్షరం ఫాస్ఫేట్లు ఎన్నో చెబుతుంది. ‘ఎం’ అయితే ఒకటి, ‘డీ’ అయితే రెండు, ‘టీ’ అయితే మూడు. అంటే ఏటీపీకీ జీటీపీకీ తేడా తల భాగంలోనే. తోకలో ఉన్న మూడు ఫాస్ఫేట్లు రెండింటికీ అచ్చంగా ఒకేలా ఉంటాయి.

మనం శక్తి అని చెప్పుకునేదంతా ఆ తోక దగ్గరే ఉంది. ఫాస్ఫేట్లన్నీ రుణావేశం ఉన్నవి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుగ్గా సర్దుకుని ఉంటాయి. చివరిది నీటితో కలిసి ఊడిపోతే ప్రామాణిక పరిస్థితుల్లో మోలుకు దాదాపు 30.5 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. తల ఏదైనా సరే, ఈ అంకె దాదాపు ఇదే. కాబట్టి మేనకోడలి మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. విలువలో రెండూ సమానం, పనిలో మాత్రం వేర్వేరు.

ఏటీపీ మాట ఎత్తినప్పుడు మన తెలుగువాడి పేరు తలవకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి ఈ రోజుకీ ఇద్దరి పేర్లతోనే పాఠాల్లో ఉంది. కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఇంకెవరికీ కనపడని ఫాస్ఫేట్లు వాళ్లకు కనపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. తర్వాత 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ ఈ ఫాస్ఫేటు బంధమే జీవులన్నిటికీ శక్తిని మోసే బంధమని వివరంగా రాశాడు. అక్కడి నుంచి ఏటీపీకి ‘శక్తి నాణెం’ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ పేరు మంచిదే, కానీ దానివల్ల ఒక అపోహ కూడా పుట్టింది. కణంలో చెల్లేది ఒక్క నాణెమే అనుకుంటాం. నిజానికి పని పనికీ వేరే నాణెం కావాలి. ప్రోటీన్ కట్టాలంటే జీటీపీ కావాలి. రైబోజోమ్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని గొలుసుకు తగిలించినప్పుడల్లా రెండు జీటీపీలు ఖర్చవుతాయి. కొత్త అమైనో ఆమ్లాన్ని తెచ్చి కూర్చోబెట్టడానికి ఒకటి, గొలుసును ఒక మెట్టు ముందుకు జరపడానికి ఇంకొకటి. 300 అమైనో ఆమ్లాలున్న మామూలు సైజు ప్రోటీన్ ఒక్కటి తయారు కావాలంటే దాదాపు 600 జీటీపీలు. అమైనో ఆమ్లాలను ముందుగా సిద్ధం చేసుకోవడానికయ్యే ఏటీపీ ఖర్చు దీనికి అదనం. గుంటలో రొయ్య వారం వారం బరువు పెరుగుతోందంటే దాని కండలో ఈ ఖర్చు రాత్రింబగళ్లు జరుగుతున్నట్టే.

కాలేయం గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచిపెట్టాలంటే యూటీపీ కావాలి. కణపు పొరల్లో ఉండే కొవ్వు పదార్థాలు కట్టడానికి సీటీపీ కావాలి. బయటి నుంచి వచ్చిన హార్మోను కబురును లోపలికి చేరవేసే జీ-ప్రోటీన్లకు మళ్లీ జీటీపీయే. ఇక డీఎన్ఏ నకలు తీయాలంటే నాలుగు రకాల డీఆక్సీ ట్రైఫాస్ఫేట్లూ ఉండాలి (చక్కెరలో ఒక ఆక్సిజన్ తక్కువున్న రకం, పేరు ముందు ఇంకో ‘డీ’ చేరుతుంది). ఒక్కటి తగ్గినా పని ఆగుతుంది.

ఒక్క నాణెంతో సరిపెట్టుకోకుండా ఇన్ని ఎందుకు? ఇంటి ఖర్చుకు, సేద్యానికి, పిల్లల ఫీజుకు డబ్బు విడివిడిగా పెట్టుకునే ఇల్లాలిని అడిగితే చెబుతుంది. అంతా ఒకే డబ్బాలో ఉంటే, ఒక పని మీద చెయ్యి జారితే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. ఏ పని ఎంత నడవాలో దేనికది అదుపు చేసుకోవాలంటే నిల్వలు వేరుగా ఉండటమే మేలని నా అభిప్రాయం.

అయితే సంపాదన వచ్చేది ప్రధానంగా ఒకే రూపంలో. మైటోకాండ్రియా తయారుచేసేదంతా దాదాపు ఏటీపీయే. ఖర్చేమో నాలుగు రూపాల్లో. నడుమ మార్చే చెయ్యి ఒకటి కావాలి కదా. ఆ చెయ్యే ఎన్‌డీపీకే. ఏటీపీ నుంచి చివరి ఫాస్ఫేటు తీసుకుని జీడీపీకి ఇస్తుంది. ఏటీపీ కాస్తా ఏడీపీ అవుతుంది, జీడీపీ జీటీపీ అవుతుంది. జీడీపీ స్థానంలో యూడీపీ వచ్చినా, సీడీపీ వచ్చినా, డీఎన్ఏకు పనికొచ్చే డీఆక్సీ రకం వచ్చినా అదే పని. ఇలాంటి మార్పిడి జరుగుతోందని 1953లో రెండు చోట్ల నుంచి ప్రచురించారు. ఒక పక్క పాల్ బెర్గ్, వోల్ఫ్‌గాంగ్ జోక్లిక్. ఇంకో పక్క హాన్స్ క్రెబ్స్, రెజినాల్డ్ హెమ్స్. క్రెబ్స్ వలయంలో జీటీపీ లెక్క తేల్చే ఎంజైమును చూసినవాళ్లలో క్రెబ్స్ కూడా ఒకడు కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇక్కడ మేనకోడలు ఇంకో ప్రశ్న వేసింది. “ఏటీపీ నుంచి జీటీపీ చేస్తుందంటివి. పుస్తకంలో జీటీపీ నుంచి ఏటీపీ అని ఉంది. ఏది రైటు మామా?”

రెండూ రైటే. బంధాల విలువ సమానం కాబట్టి ఈ చర్యకు తనకంటూ ఒక దిక్కు లేదు. శాస్త్రం మాటల్లో చెప్పాలంటే దీని సమతాస్థితి స్థిరాంకం దాదాపు 1. ఆ పిల్లకు నీళ్ల లెక్కలో చెప్పాను. పెన్నా మీద సంగం ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి కాలువ వచ్చి కనిగిరి రిజర్వాయరు నిండుతుంది. (కనిగిరి పట్టణం కాదు, మన బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఉండేది.) ఎగువ నీళ్లు ఎక్కువుంటే దిగువకు పారతాయి. తూము ఎత్తినంత మాత్రాన నీళ్లకు బలం రాదు, దారి మాత్రం దొరుకుతుంది. ఇప్పుడు రెండు చెరువులు ఒకే మట్టం నేల మీద ఉన్నాయనుకో, నడుమ ఒక తూముంది. ఏ చెరువులో నీళ్లు ఎక్కువుంటే అటు నుంచి ఇటు. మట్టాలు సమానమయ్యాక పారకం ఆగిపోతుంది. ఎన్‌డీపీకే అట్టాంటి తూము.

కణంలో మామూలుగా ఏటీపీ నిండుగా, ఏడీపీ తక్కువగా ఉంటుంది. అందుకని తూములో పారకం ఎక్కువసేపు ఏటీపీ వైపు నుంచి మిగతావాటి వైపుకే. జీటీపీ ఎక్కువైపోయిన చోట, అంటే క్రెబ్స్ వలయం తిరుగుతున్న మైటోకాండ్రియా లోపల, అదే తూములో పారకం తిరగబడుతుంది. ఎవరూ తిప్పనక్కర్లేదు. అందుకే పుస్తకంలో జీటీపీని ఏటీపీ కింద కలిపేయడం తప్పు కాదు. కాకపోతే ఆ కలపడం వెనక ఒక ఎంజైము కష్టం ఉంది.

ఇంతకీ ఆ ఇచ్చిపుచ్చుకోవడం లోపల ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరికి వెళ్లి చూద్దాం. నాకు ఈ ఎంజైములో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

మనిషి కణాల్లోని ఎన్‌డీపీకేలో ఆరు ముక్కలు గుమిగూడి ఒక ముద్దలా ఉంటాయి. ఒక్కో ముక్కలో 152 అమైనో ఆమ్లాలు, ఒక్కో ముక్కకు ఒక్కో గుంత. గుంత అడుగున హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. గొలుసులో దాని నంబరు 118. ఏటీపీ వచ్చి తోక లోపలికి, తల బయటికి ఉండేలా గుంతలోకి దిగుతుంది. నడుమ ఒక మెగ్నీషియం అయాన్ ఫాస్ఫేట్లను సరైన వంపులో పట్టి ఉంచుతుంది. అప్పుడు హిస్టిడిన్‌లోని నైట్రోజన్ చివరి ఫాస్ఫేటును తన మీదికి లాక్కుంటుంది. మిగిలిన ఏడీపీ బయటికి వెళ్లిపోతుంది. ఇప్పుడు గుంత ఖాళీ. ఫాస్ఫేటు మాత్రం హిస్టిడిన్ చేతిలో ఉంది. తర్వాత అదే గుంతలోకి జీడీపీ దిగి, ఆ ఫాస్ఫేటును తీసుకుని జీటీపీగా బయటపడుతుంది.

ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరికీ నడుమ ఆ హిస్టిడిన్ ఒక్కటే. బయోకెమిస్ట్రీలో దీన్ని పింగ్-పాంగ్ విధానం అంటారు. నా వరకు ‘చేబదులు’ అనే మాట ఇంకా బాగా అతుకుతుంది. చేబదులుకు నోటు ఉండదు, వడ్డీ ఉండదు, ఈ చేత్తో పుచ్చుకుని ఆ చేత్తో ఇచ్చేయడమే. ఎంజైము తనకంటూ ఏమీ మిగుల్చుకోదు. ఈ పని సెకనుకు వందల నుంచి వేయి సార్ల దాకా జరుగుతుంది.

తల ఏ, జీ, సీ, యూ ఏదైనా దీనికి పట్టింపు ఎందుకు లేదో కూడా ఆ గుంతను చూస్తేనే తెలుస్తుంది. 1990ల మొదట్లో ఈ ప్రోటీన్ ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో తేల్చినప్పుడు కనపడింది: క్షారం గుంత అంచున ఒక ఫినైల్అలనిన్‌కు ఆనుకుని ఉంటుందంతే. ఎంజైము దాన్ని గట్టిగా పట్టుకోదు, హైడ్రోజన్ బంధాలతో గుర్తుపట్టే పని పెట్టుకోదు. చాలా కైనేజులు ‘నువ్వెవరు’ అని తల చూసి గాని పని చెయ్యవు. ఉదాహరణకు, థైమిడిన్ కైనేజ్‌కు థైమిన్ తల ఉన్న థైమిడిన్ లాంటిదే కావాలి. ఎన్‌డీపీకే తోక చూసి పని చేస్తుంది.

అంతమాత్రాన ఎవరొచ్చినా ఒకటే అనుకుంటే పొరపాటు. దీనికి ఒక పట్టింపుంది. చక్కెరలో 3 ప్రైమ్ అని పిలిచే చోట ఒక ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉండాలి. ఆ ఓహెచ్ వంగి వచ్చి, రెండో మూడో ఫాస్ఫేట్లకు నడుమ ఉన్న ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధంతో ఆసరా ఇస్తుంది. ఫాస్ఫేటు ఊడే క్షణంలో ఆ ఆసరా చాలా ముఖ్యం. అంటే ఈ చర్యలో వచ్చిన అతిథి కూడా ఒక చెయ్యి వేస్తుందన్నమాట. ఆ ఓహెచ్ లేకపోతే వేగం వేల రెట్లు పడిపోతుంది.

ఇది పుస్తకం లోపలి సంగతి మాత్రమే కాదు, మందుల షాపు దాకా వస్తుంది. హెచ్ఐవీకి 1987లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి మందు ఏజెడ్‌టీ. అది థైమిడిన్‌ను పోలిన అణువు, కానీ దాని చక్కెరలో సరిగ్గా ఆ 3 ప్రైమ్ ఓహెచ్ తీసేసి అజైడో గుంపు పెట్టారు. వైరస్ తన డీఎన్ఏ గొలుసులో పొరపాటున దీన్ని కలుపుకుంటే, తర్వాతి ముక్క తగిలించడానికి కొక్కెం ఉండదు. గొలుసు అక్కడితో ఆగుతుంది. మాత్రగా మింగినప్పుడు ఏజెడ్‌టీకి ఈ శక్తి లేదు. మన కణాల్లోని కైనేజులు దానికి ఒకదాని మీద ఒకటి మూడు ఫాస్ఫేట్లు తగిలించాకే అది మందవుతుంది. మూడో మెట్టు ఎన్‌డీపీకేది. ఏ ఓహెచ్ లేకపోవడం వల్ల వైరస్ ఆగుతుందో, అదే ఓహెచ్ లేకపోవడం వల్ల ఈ ఎంజైము దగ్గర కూడా మందు నెమ్మదిస్తుంది. (ఏజెడ్‌టీకి అంతకంటే పెద్ద అడ్డు రెండో మెట్టులో ఉంది. అది వేరే ఎంజైము.) మందులు తయారుచేసేవాళ్లకు ఈ పేచీ ఎప్పుడూ ఉండేదే.

మా బావ అప్పటికి మా మాటలు వింటూ వచ్చి కూర్చున్నారు. వైరస్ మాట రాగానే “తెల్లమచ్చకు కూడా ఇట్టాంటివి ఉంటాయా?” అని అడిగారు. 1990ల మధ్యలో టైగర్ రొయ్య సాగు చేసి వైట్ స్పాట్‌తో దెబ్బతిన్న తీరంలో పుట్టి పెరిగిన మనిషి అడగాల్సిన ప్రశ్నే. ఉంటాయి. తెల్లమచ్చ వైరస్ తన జన్యువుల్లో థైమిడిన్ కైనేజ్, థైమిడిలేట్ కైనేజ్ రెండింటినీ ఒకే జన్యువుగా అతికించి మోసుకొస్తుంది. టీటీపీ తయారీలో మొదటి ఫాస్ఫేటు, రెండో ఫాస్ఫేటు తగిలించే మెట్లు అవి. డీఎన్ఏ సరుకు కోసం ఒక వైరస్ ఎంత ముందుచూపుతో వస్తుందో చూడండి.

ఇంత ముఖ్యమైన తూమును మూసేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఒక్కో జీవి ఒక్కో జవాబు చెప్పింది.

ఈ.కోలై బ్యాక్టీరియాలో ఈ ఎంజైము జన్యువును తీసేశారు. చచ్చిపోతుందనుకుంటాం. చావలేదు, మామూలుగానే పెరిగింది. అడినిలేట్ కైనేజ్ అని ఇంకో ఎంజైము ఉంది. దాని అసలు పని రెండు ఏడీపీలను కలిపి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేయడం. అది వచ్చి ఈ పనిని కూడా భుజాన వేసుకుంది. కానీ ఇంకో చోట తేడా బయటపడింది. డీఎన్ఏకు కావలసిన నాలుగు సరుకుల మట్టాలు చెదిరిపోయాయి. డీసీటీపీ, డీజీటీపీ బాగా పెరిగాయి. ఆ బ్యాక్టీరియా డీఎన్ఏ నకలు తీసేటప్పుడు చేసే తప్పులు కూడా పెరిగాయి. ఎన్‌డీపీకే సరఫరాదారు మాత్రమే కాదు, మట్టాలు చూసే నీరుకట్టు కూడా అని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఈ ప్రయోగమే.

పండ్ల ఈగలో కథ వేరు. అందులో ఈ ఎంజైము జన్యువు పేరు ఏడబ్ల్యూడీ. అది బొత్తిగా లేని పురుగులు రెక్కలొచ్చే దశకు చేరకముందే చచ్చిపోతాయి. దీనికి ఇంకో ముడి కూడా ఉంది. 1956లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టివాంట్ ఒక వింత చూశాడు. ప్రూన్ అనే జన్యువు పాడైన ఈగలకు కళ్ల రంగు మారుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. ఇంకో చోట ఒక మార్పు ఉన్న ఈగలు కూడా హాయిగా బతుకుతాయి. రెండూ ఒకే ఈగలో కలిస్తే మాత్రం చావే. ఆ రెండో మార్పుకు ‘ప్రూన్ హంతకి’ అని పేరు పెట్టారు. ఏళ్ల తర్వాత తేలింది, అది ఎన్‌డీపీకేలోనే 97వ చోట ప్రోలిన్ ఉండాల్సిన దగ్గర సెరిన్ వచ్చిన మార్పు అని.

మూడోది మనుషుల జబ్బుకు సంబంధించింది కాబట్టి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 1988లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ప్యాట్రీషియా స్టీగ్, లాన్స్ లియోటా బృందం ఎలుకల మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలను పోల్చి చూసింది. ఒంట్లో వేరే చోట్లకు బాగా పాకే కణాల్లో ఒక జన్యువు పని తగ్గి ఉంది, పెద్దగా పాకని కణాల్లో ఎక్కువుంది. దానికి ఎన్‌ఎం23 అని పేరు పెట్టారు. క్యాన్సర్ పాకడాన్ని అణిచే జన్యువుగా గుర్తింపు పొందిన మొదటిది అదే. రెండేళ్లకు తెలిసింది, ఎన్‌ఎం23 అంటే మన ఎన్‌డీపీకేయే. మనిషిలో ఈ కుటుంబంలో ఇప్పుడు 10 జన్యువులు లెక్కకు వచ్చాయి.

ఫాస్ఫేటు చేబదులిచ్చే ఎంజైముకు క్యాన్సర్‌తో ఏం పని? ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే కారణం కాదని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. చేబదులు పని చెక్కుచెదరకపోయినా, పాకకుండా ఆపే గుణం పోయిన మార్పులు దొరికాయి. ఈ ఎంజైము హిస్టిడిన్ మీదున్న ఫాస్ఫేటును న్యూక్లియోటైడ్లకే కాదు, కొన్ని ఇతర ప్రోటీన్లలోని హిస్టిడిన్లకు కూడా ఇవ్వగలదు. అసలు సంగతి ఆ దారిలో ఉండొచ్చని చాలామంది ఆలోచన. పైగా పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే నరాల కణాల క్యాన్సర్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ ఇది ఎక్కువున్న కణితులే మొండివి. కాబట్టి ‘ఈ ఎంజైము పెంచితే క్యాన్సర్ తగ్గుతుంది’ అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి, ముందుకు పంపకండి. జబ్బుతో ఉన్న ఇంట్లో అలాంటి మాట ఎంత ఆశ పెడుతుందో, తర్వాత ఎంత బాధ పెడుతుందో నేను దగ్గరగా చూశాను.

సాయంత్రం మేత వేళకు బావ చెక్ ట్రే పైకి ఎత్తారు. తాడు బిగిసి, నీళ్లు జారిపోయి, ట్రేలో మిగిలిన మేత గింజలు, గాజులా మెరిసే నాలుగు రొయ్యలు కనపడ్డాయి. చెయ్యి పెట్టబోయేసరికి ఒకటి తోక ముడిచి ఒక్క ఎగురు ఎగిరి నీళ్లలో పడింది. మేనకోడలికి ఆ ఎగురు చూపించాను. అంత తక్కువ వ్యవధిలో మైటోకాండ్రియా ఏటీపీ తయారుచేసి ఇవ్వలేదు. కండలో ముందే దాచి ఉంచిన ఫాస్ఫేటు కావాలి. మన కండలో ఆ దాపుడు సుబ్బారావుగారు చూసిన ఫాస్ఫోక్రియాటిన్. రొయ్య కండలో అది ఆర్జినిన్ ఫాస్ఫేట్. ఆర్జినిన్ కైనేజ్ అనే ఎంజైము దాని ఫాస్ఫేటును ఏడీపీకి అందించి అక్కడికక్కడ ఏటీపీ చేస్తుంది. తీరికగా ఉన్నప్పుడు మళ్లీ ఏటీపీ నుంచి తీసుకుని దాచుకుంటుంది. ఎన్‌డీపీకేకు ఇది చుట్టమే గాని సొంత అన్నదమ్ముడు కాదు. దీనికి హిస్టిడిన్ చెయ్యి లేదు, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నేరుగా మార్పిస్తుంది. రొయ్యలు పడనివాళ్లకు ఒళ్లు దద్దుర్లు తెప్పించే ప్రోటీన్లలో ఈ ఆర్జినిన్ కైనేజ్ కూడా ఒకటి.

షెడ్డులో ఒక మూల మెగ్నీషియం క్లోరైడ్ బస్తాలు పేర్చి ఉన్నాయి. బావ గుంటకు మినరల్స్ వేయడం ఆ పిల్ల చిన్నప్పటి నుంచి చూస్తోంది, ఎందుకో అడగలేదు. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. బోరు నీళ్లు కలిపి ఉప్పు శాతం తగ్గించిన గుంటల్లో అది బాగా పడిపోతుంది, పొటాషియం కూడా అంతే. రొయ్య తోక వంకర తిరిగి బిగిసిపోయే క్రాంపుకి రైతులు మొదట అనుమానించేది ఈ మినరల్స్ కొరతనే. ఆ క్రాంపుకు ఎన్‌డీపీకే కారణమని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఒక మాట మాత్రం నిజం. కణంలో ఏటీపీ ఒంటరిగా తిరగదు, ఎక్కువ భాగం మెగ్నీషియంను పట్టుకునే తిరుగుతుంది. కైనేజుల గుంతలోకి దిగేది కూడా ఆ జంటే. మెగ్నీషియం లేనిదే ఈ చేబదులు ఒక్కటీ జరగదు. బస్తా మీద చెయ్యి వేసి ఈ మాట చెప్పినప్పుడు ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది.

చీకటి పడేముందు ఒక్క సవరణ చెప్పాను, అది ఇక్కడ కూడా చెప్పాలి. క్రెబ్స్ వలయంలో ఆ మెట్టు దగ్గర ఎప్పుడూ జీటీపీయే వస్తుందని పుస్తకం చదివితే అనిపిస్తుంది. మన ఒంట్లో ఆ మెట్టును నడిపే ఎంజైము రెండు రకాలు. ఒకటి జీటీపీ ఇస్తుంది, ఇంకోటి నేరుగా ఏటీపీయే ఇస్తుంది. కాలేయం, మూత్రపిండాల్లో మొదటిది బాగా కనిపిస్తుంది. మెదడు, గుండెల్లో రెండోదానిది పైచెయ్యి. జీటీపీ వచ్చిన చోట దాన్ని ఏటీపీగా మార్చడానికి మైటోకాండ్రియా లోపలే ఎన్‌డీపీకే కుటుంబంలోని ఒకటి కాపురముంది. మనిషిలో దాని పేరు ఎన్‌ఎంఈ4. లోపలి పొరను అంటిపెట్టుకుని ఉంటుంది.

“అయితే పరీక్షలో ఏమని రాయాల?” అంది.

“పుస్తకంలో ఉన్నట్టే రాయి తల్లీ. నీ నోట్సులో మాత్రం బాణం గీసి ఎంజైము పేరు రాసుకో.”

పెన్సిల్ తీసింది. మార్జిన్‌లో చోటు చాలక ‘న్యూక్లియోసైడ్’ నిలువుగా, ‘డైఫాస్ఫేట్ కైనేజ్’ అడ్డంగా రాసుకుంది.